మా మామ నాటిన గన్నేరు వరుస

మొన్న పొద్దున మా వీధిలోకి మొక్కల బండి వచ్చింది. వెనకటికి ఉల్లిగడ్డల బండి వచ్చేది, పాత ఇనుము కొనే బండి వచ్చేది, ఇప్పుడు మొక్కలు కూడా మైకు పెట్టుకుని అమ్ముడుపోతున్నాయి. ఒక్కసారి పెడితే ఏండ్లకేండ్లు పూస్తుందని, ఎండకూ దుమ్ముకూ దేనికీ జంకదని ఆ మైకులో గొంతు చెప్పిందే చెబుతుంటే మా వీధి ఆడవాళ్ళంతా బండి చుట్టూ మూగారు. నేనూ వెళ్ళాను. నల్ల ప్లాస్టిక్ సంచుల్లో గన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు వరుసగా పేర్చి ఉన్నాయి. నందివర్ధనం సంచి ఒకటి చేతిలోకి తీసుకుని, కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ బండిలోనే పెట్టేశాను. "ఏందక్కా, పిరమున్నదా?" అని పక్కింటామె అడిగింది. ధర సంగతి కాదని చెబితే అసలు సంగతి చెప్పాలి, అది చెప్పేలోగా పొయ్యి మీద ఆమె పప్పు మాడిపోతుంది. అందుకని ఊరుకున్నాను. మీకైతే చెప్పవచ్చు. నా ఈడు వాళ్ళకు పొయ్యి మీద పప్పు కోడళ్ళే చూసుకుంటారు కదా.

డెబ్బైల మొదట్లో నేను బొగ్గుగనుల ఊరు గోదావరిఖనికి కోడలిగా వచ్చాను. మా పుట్టిల్లు మంథని వైపు, గోదావరి ఒడ్డున ఒక చిన్న ఊరు. మా బాపు ఏటి పక్క ఇసుక నేలలో వంకాయ, మిరప పండించేవాడు, మడి గట్ల మీద బంతి, చేమంతి పెట్టేవాడు. నేను నడక నేర్చింది ఆ గట్ల మీదనే. నారు పీకడం, గుంట తీయడం, మొక్క నిలబెట్టి మట్టి వదులుగా జారవిడవడం నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, అన్నం కలుపుకోవడం ఎట్లా వచ్చిందో అట్లానే వచ్చింది. అట్లాంటి దాన్ని తెచ్చి రెండు గదుల కంపెనీ క్వార్టర్‌లో దించారు. వాకిట్లో ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేది. పొద్దున ఊడ్చిన వాకిలి మధ్యాహ్నానికి మళ్ళీ నల్లబడేది. మొదటి నెలంతా నేను ఊడుస్తూనే ఉన్నాను, మా అత్త చూసి చూసి, "ఊడ్వకు బిడ్డా, గీ బొగ్గు దుమ్ము మనకన్న ముంగట వచ్చింది ఈడికి" అన్నది.

ఆ రోజుల్లో కోడలు మామతో మాట్లాడకూడదు. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, మామ ఎదురుపడితే నిండా కొంగు కప్పుకుని గోడవారకు జరగాలి, ఆయన గడపలో కూర్చుంటే దొడ్డి దారిన పోవాలి. ఏదైనా చెప్పాలంటే అత్తకు చెప్పాలి, అత్త లేకపోతే గోడకు చెప్పాలి. మా ఇంట్లో ఒక మేకపిల్ల ఉండేది. "నీళ్ళు కాగినయే, తానం చెయ్యమను" అని నేను దానికి చెబితే అవతల మామ లేచి తువ్వాల అందుకునేవాడు. కాపురానికి వచ్చిన మొదటి సంవత్సరంలో నేను ఆ మేకపిల్లతో మాట్లాడినంత మా ఆయనతో కూడా మాట్లాడి ఉండను.

మామ గనిలో బొగ్గు పేల్చే జట్టులో పనిచేసేవాడు. దాని గురించి రెండు ముక్కలు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. బొగ్గు గోడకు బర్మాతో బొక్కలు తొలిచి వాటిలో పేలుడు మందు పెట్టి, ఆ వెనక బంకమట్టి ఉండలు ఒకదాని వెంట ఒకటి కూరి, కట్టెతో దట్టించాలి. మట్టి గట్టిగా బిగిస్తేనే మందు బలం బొగ్గు మీదికి పోతుంది, గుల్లగా ఉంటే అది వెనక్కి, మనుషుల మీదికి తన్నుతుంది. మట్టి కూరడంలో మామ చేతికి పేరుండేది. ఆయన దట్టించిన బొక్క ఎన్నడూ ఎదురు తన్నలేదని ఆయన తోటివాళ్ళు పండగ పూట కల్లు తాగుతూ చెప్పుకునేవాళ్ళు. ఆయన అరచెయ్యి తిప్పి చూసుకునేవాడు.

నా పెళ్ళయిన కొన్నాళ్ళకే లోపల పైకప్పు కూలింది. మామ జతగాడు అక్కడే పోయాడు. మామను తుంటి విరిగిన మనిషిగా దవాఖానకు మోసుకొచ్చారు. చాలాకాలం మంచం మీద ఉండి లేచేసరికి ఒక కాలు పొట్టిదయింది. ఇక భూమి లోపలికి పంపడానికి లేదు. అట్లాంటి వాళ్ళకు పైన ఏదైనా తేలిక డ్యూటీ ఇచ్చేవాళ్ళు, దీపాల గదిలోనో, గేటు దగ్గరో. అదీ చేతకాలేదంటే డాక్టర్ల బోర్డు ముందుకు పంపి అన్‌ఫిట్ చేసేవాళ్ళు. ఆ ఒక్క మాటకు మా క్వార్టర్లలో చావుకు భయపడనివాళ్ళు కూడా భయపడేవాళ్ళు. అన్‌ఫిట్ అయితే పని పోతుంది, పనితో పాటు క్వార్టర్ పోతుంది. మా ఆయనది అప్పటికి బదిలీ పని, పొద్దున్నే గని దగ్గర నిలబడితే ఎవరైనా రాని రోజున దొరికే కూలి. దానికి క్వార్టర్ ఇవ్వరు. అంటే మా నలుగురి నెత్తి మీద కప్పు, మామ చేసే తేలిక డ్యూటీ మీద ఆధారపడి ఉందన్నమాట.

మామకు దొరికిన తేలిక డ్యూటీ తోటపని. గోదావరి వైపు ఒక గుట్ట మీద కొత్తగా గెస్ట్‌హౌస్ కట్టారు. చెట్టన్నది లేని బోడిగుట్ట అది. ఒక వైపు నుంచి ఏటి గాలి, ఇంకో వైపు నుంచి బొగ్గు దిబ్బల మీద నుంచి వచ్చే దుమ్ముగాలి, రెండూ అక్కడే కలుసుకుని కొట్లాడుకునేవి. ఆ గెస్ట్‌హౌస్ చూసుకునే దొరకు కొత్తగా పెళ్ళయింది. దొరసానిది సముద్రం ఒడ్డున ఊరు. వాళ్ళ పుట్టింట్లో ప్రహరీ పొడుగునా పూలమొక్కల వరుస ఉండేదట. ఏడాదికోసారి పీకి నాటే పని లేకుండా ఒకసారి పెడితే ఏళ్ళ తరబడి ఉండేవట, ఉప్పుగాలి పగలూ రాత్రీ కొట్టినా తలొంచేవి కావట. అట్లాంటి వరుసే ఈ గుట్ట మీద కావాలని ఆమె పట్టుబట్టింది. సముద్రపు గాలికే ఆగిన మొక్కలు ఏటి గాలికి ఆగవా అని ఆమె లెక్క. ఆమె ఊరి నుంచి రైల్లో, తడిగోనెలో చుట్టి, గన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు మొక్కలు తెప్పించింది. అవి దిగిన రోజున ఆ పిల్ల చుట్టాలు దిగినంత సంబరపడిందని మామ ఇంటికి వచ్చి అత్తతో చెప్పాడు. పిల్ల అనే అన్నాడు, దొరసాని అనలేదు. ఆమె మాత్రం ఈయన్ను తాతా అని పిలిచేది. యాభై కూడా నిండని మనిషికి ఆ మాట పుండు మీద కారం చల్లినట్టుండేది, అయినా ఏమంటాడు?

మామకు మధ్యాహ్నం సద్ది తీసుకుపోవడం నా పని. గుట్ట ఎక్కి, గోడ చాటున గిన్నె పెట్టి, గాజులు చప్పుడు చేసి, ఆయన వచ్చేలోగా నేను పక్కకు తప్పుకోవాలి. మొదటిసారి ఆయన మొక్క నాటడం చూసింది అట్లా గోడ చాటు నుంచే. గుంట బ్రహ్మాండంగా తీశాడు, అంచులు చెక్కినట్టున్నాయి. గన్నేరు మొక్కను నిటారుగా నిలబెట్టాడు. ఆ తర్వాత చెరువు నుంచి తెప్పించిన బంకమట్టి ముద్ద చేసి వేరు చుట్టూ పెట్టి, చేతిలో కట్టె తీసుకుని దట్టించడం మొదలుపెట్టాడు. ఒక వరస మట్టి, దాని మీద కట్టె పోట్లు, మళ్ళీ మట్టి, మళ్ళీ పోట్లు. అంతా అయ్యాక అరచేత్తో తట్టి చూసి, ఎక్కడో కొంచెం మెత్తగా తగిలితే అక్కడ మళ్ళీ దట్టించాడు. పొద్దు పెరిగేసరికి ఆ మట్టి ఇటుకలాగా అవుతుందని, నీళ్ళు పోస్తే పైననే నిలబడతాయని, వేరుకు ఊపిరాడదని మా ఊళ్ళో పాలు తాగే పిల్లను అడిగినా చెబుతుంది. కానీ నేను ఎవరికి చెప్పాలి? గుట్ట మీద అత్త లేదు, మేక లేదు. గాజులు చప్పుడు చేసి దిగి వచ్చేశాను.

మొక్కలు వాడడం మొదలైంది. ముందు ఆకుల కొసలు, తర్వాత ఆకులు, తర్వాత కొమ్మ. గన్నేరు ఎండిపోయిందంటే మీలో చాలామంది నమ్మరు. గన్నేరును చంపడం చేతనైన మనిషి ఎవరుంటారు? పొలం గట్టున విరిచి పారేస్తే బతికే చెట్టు అది. దుమ్ము పట్టి చచ్చిందని కొందరు, గని నుంచి తోడిపోసే నీళ్ళు పడలేదని కొందరు, గుట్ట మీద దయ్యం ఉందని కొందరు అన్నారు. మామ అన్నీ విన్నాడు, అన్నింటికీ మందు చూశాడు. గోనెపట్టాలు కట్టి గాలికి అడ్డం పెట్టాడు, ఆకు ఆకునూ తడిగుడ్డతో తుడిచాడు, పొట్టి కాలితో కుంటుకుంటూ కావడి వేసుకుని మంచినీళ్ళ బావి నుంచి నీళ్ళు మోశాడు. ఇంత చేసి, చచ్చిన మొక్క పీకి, కొత్త మొక్క పెట్టి, ఈసారి ఇంకా గట్టిగా దట్టించేవాడు.

నేను అత్తకు చెప్పాను. అత్త రాత్రి అన్నం పెడుతూ, ఎటో చూస్తున్నట్టు, మట్టి అంత బిగియ్యవద్దంటున్నది పిల్ల అని చెప్పింది. మామ ముద్ద మింగి, గాలికి ఊగుతది కదా, గట్టిగ లేకుంటే ఎట్ల నిలబడతది అన్నాడు. అదీ నిజమే అనిపించింది అత్తకు. మా ఆయనకు చెప్పాను. షిఫ్టు దిగి వచ్చి కళ్ళు మూతలు పడుతున్న మనిషి, "ఆయిన జిందగీ అంత మట్టి తోటే కదనే, నేను చెప్పుతనా ఆయినకు?" అని అటు తిరిగి పడుకున్నాడు. ఇక గత్యంతరం లేక ఒకనాటి పొద్దున మామ వాకిట్లో ఉండగా మేకపిల్లను పట్టుకుని, మట్టి గుల్లగుంటేనే వేరు పారుతదే, బిగిస్తే సచ్చిపోతదే అని దానికి వివరంగా బోధ చేశాను. మామ లేచి లోపలికి వెళ్ళి అత్తతో, "కోడలు మేకకు ఎవుసం నేర్పుతున్నదే" అన్నాడు. గొంతులో కోపం లేదు. నవ్వు కూడా లేదు. నాకు మింగలేక కక్కలేక అన్నట్టయింది.

ఎండలు ముదిరాయి. దొరసాని సాయంత్రాలు గొడుగు వేసుకుని వచ్చి, ఎండిన పుల్లల ముందు నిలబడి, "ఏం తాతా, ఇవీ పోయాయా? మా ఊళ్ళో ఎవరూ వీటికి నీళ్ళయినా పోసేవారు కాదు తెలుసా" అనేది. కోపంగా కాదు, ఏడుపు గొంతుతో. ఆ పిల్లకు ఇక్కడ మాట్లాడేవాళ్ళు లేరు, మా యాస కూడా సగం అర్థం కాదు, తన ఊరిని కాస్త తెచ్చి ఇక్కడ పెట్టుకుందామనుకుంటే అది ఆమె కళ్ళ ముందే ఎండిపోతోంది. దొర మాత్రం ఒకటే మాట అన్నాడట. మిరుగం కార్తె తొలివానలు పడేదాకా చూద్దాం, అప్పటికీ ఈ వరుస లేవకపోతే ఈ మనిషికి ఈ పని చేతకాదని రాసి బోర్డుకు పంపుదాం అని. ఆ మాట మామ మాకు చెప్పలేదు. గెస్ట్‌హౌస్ వంటమనిషి చెబితే తెలిసింది. ఆనాటి నుంచి మా అత్త ఇంట్లో గిన్నెలు కూడా చప్పుడు చేయకుండా తోమేది.

నాకు ఉపాయమొకటి తోచింది. మామ సద్ది తినడానికి ఏటి వైపు ముఖం పెట్టి, ఇటు వీపు పెట్టి కూర్చునేవాడు. ఆ కాసేపట్లో నేను చెప్పులు విడిచి, గోడవార వంగి వెళ్ళి, కొంగున దాచిన ఇనుప చువ్వతో మొక్కల చుట్టూ మట్టి గుచ్చి గుల్ల చేసి వచ్చేదాన్ని. రెండు మూడు మొక్కలకు ప్రాణం వచ్చినట్టే కనబడింది కూడా. కానీ నా తెలివి తెల్లారినట్టే ఉంది. మామ అది చూసి పందికొక్కుల పని అనుకున్నాడు. రాత్రి అత్తతో చెప్పాడు, ఇన్ని రోజులకు అసలు దొంగ దొరికిందని, మొక్కలు ఎందుకు చస్తున్నాయో ఇప్పుడు తెలిసిందని. ఎన్నాళ్ళకో ఆయన గొంతులో హుషారు విన్నాం. మర్నాడు ఎవరి దగ్గరో బోను అడిగి తెచ్చి పెట్టాడు. నేను గుల్ల చేసిన చోటల్లా మళ్ళీ మట్టి వేసి, మరింత జాగ్రత్తగా, మరింత గట్టిగా దట్టించాడు. బోనులో ఏ పందికొక్కూ పడలేదు. నేనే పడ్డట్టయింది. నవ్వాలో ఏడవాలో తెలియక ఆ పూట నేను అన్నం తినలేదు.

చివరికి మా బాపును అడిగాను. బాపు ఊరి నుంచి వేళ్ళతో ఉన్న నందివర్ధనం, బిళ్ళగన్నేరు మొక్కలూ, నాటుకోవడానికి గన్నేరు కొమ్మలూ ఎడ్లబండి మీద తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. మర్నాడు సద్ది తీసుకుని నేను గుట్ట ఎక్కేసరికి మామ వాటిలో మొదటి నందివర్ధనాన్ని గుంటలో నిలబెట్టి, కట్టె అందుకుంటున్నాడు. అది మా ఇంటి వెనక, నేను నీళ్ళు పోసి పెంచిన మొక్క. ఆ ఆకు మీద మా ఊరి ఎర్రమట్టి ఇంకా అంటుకునే ఉంది. నాకు ఏమయిందో ఇప్పటికీ చెప్పలేను. గోడ చాటు నుంచి బయటికి వచ్చి, కొంగు కూడా సరిగ్గా కప్పుకోకుండా, "మామా, గంత గట్టిగ ఒత్తకుండ్రి. అది సచ్చిపోతది" అన్నాను.

ఆయన తల తిప్పలేదు. చేతిలో కట్టె అట్లాగే ఉంది. నేను కొంగు లాక్కుని తల మీద కప్పుకున్నాను. ఆ మొక్కను చూస్తూనే అన్నాడు. "ఎరుకే బిడ్డా. నువ్వు మేకకు చెప్పిననాడే ఇన్న. చెయ్యి ఇంటలేదు."

ఆ తర్వాత ఆయన చెప్పిన సంగతి మా అత్తకు కూడా అప్పటిదాకా తెలియదు. పైకప్పు కూలిన రోజున ఆ బొక్కకు మట్టి కూరింది మామ కాదు, జట్టులోకి కొత్తగా వచ్చినవాడు. మామ తట్టి చూద్దామనుకునేలోపే ఎవరో పిలిచారు, ఇటు తిరిగాడు. మందు ఎదురు తన్ని, కప్పుకు ఆనించిన దుంగలు ఎగిరిపోయాయి, కప్పు జతగాడి మీద పడింది. ఆనాటి నుంచి ఎక్కడ వదులు మట్టి తగిలినా ఆయన చేతికి అది ఆ బొక్కే. పువ్వుల మొక్క అని తలకాయకు తెలుసు. ఎన్నోసార్లు వదులుగా వదిలేసి నాలుగడుగులు నడిచాడట, గుండె దడదడ కొట్టుకుని మళ్ళీ వచ్చి దట్టిస్తే గానీ ఊపిరి ఆడేది కాదట. ఆయన ఇదంతా మెల్లగా, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు. నాకు అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా లేవు. గుంట దగ్గర కూర్చుని ఆ నందివర్ధనం చుట్టూ మట్టి నేనే వదులుగా జారవిడిచాను.

ఆ రోజు నుంచి మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. ఎవరూ నోటితో చెప్పుకోలేదు గానీ ఒప్పందమే. ఆయన గుంటలు తీస్తాడు, ఏటి నుంచి ఇసుక మోస్తాడు, నీళ్ళు తెస్తాడు. నేను నాటుతాను. నేను నాటుతున్నంతసేపూ ఆయన పక్కనే కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, ముఖం ఏటి వైపు తిప్పుకునేవాడు. నుదుటి మీద చెమట ధారలు కట్టేది. ఒకసారి నేను నీళ్ళ చెంబు కోసం అటు తిరిగి ఇటు తిరిగేలోగా ఆయన పిడికిలి మట్టి మీద ఉంది. నన్ను చూసి చిన్నపిల్లవాడిలా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నేను మళ్ళీ గుల్ల చేశాను. మొక్కలు నిలబడ్డాయి. నడి ఎండల్లో, ఆ దుమ్ములో, నందివర్ధనం చిగురు వేసింది. దొరసాని మామ చేతులు పట్టుకుని ఊపినంత పని చేసింది. ఇంట్లో అత్త మళ్ళీ గిన్నెలు చప్పుడు చేస్తూ తోమడం మొదలుపెట్టింది. మిరుగం దాకా ఆగితే గట్టెక్కుతామనుకున్నాం.

అంతదాకా సాగలేదు. ఒకనాడు తోటల సూపర్‌వైజరు చెప్పకుండా వచ్చాడు. ఆయన చూసింది ఏమంటే, పని మనిషి చేతులు తొడల కింద పెట్టుకుని ఏటి వైపు చూస్తూ కూర్చున్నాడు, పనితో ఏ సంబంధం లేని ఆడపిల్ల చీర దోపుకుని మట్టిలో ఉంది. చెడ్డవాడు కాదు ఆ సూపర్‌వైజరు, పిల్లలు గలవాడు. కొంచెంసేపు తల గోక్కుని, "గిట్లయితే నా నౌకరీ పోతది కాకా, రేపు ఈ పిల్లకు పామో తేలో కుడితే ఎవలు జవాబు చెప్పాలె?" అన్నాడు. రూలు అది. ఎవరినీ అనడానికి లేదు. ఆయన రాయవలసింది రాశాడు, మామకు బోర్డు పిలుపు వచ్చింది.

బోర్డు రోజున మా ఆయన డ్యూటీ మానుకుని మామను దవాఖానకు తీసుకుపోయాడు. దారి పొడుగునా చెప్పాడట, తోటపని నేనే చేస్తున్న, ఆనాడు కాలు నొచ్చి కూసున్న అని చెప్పు బాపూ, నువ్వు గదొక్కటి చెప్పితే సాలు అని. మామ తల ఊపాడట. దొరసాని కూడా ఈయన గురించి మంచిగా చెప్పిందట. గుట్ట మీద మొక్కలు పచ్చగా ఉన్నాయని అందరికీ తెలుసు. ఒక్క అబద్ధం చాలు. సాయంత్రం మా ఆయన ఇంటికి వచ్చి గడపలో కూలబడ్డాడు.

"చెట్లు ఎవలు పెట్టిన్రు అని డాక్టర్ సార్ అడిగితే, మా కోడలు పెట్టింది సార్, నా చెయ్యి పడ్డయన్ని సచ్చినయి అన్నడు. దాని కష్టం నేనెట్ల తింట సార్ అన్నడు" అని చెప్పి మా ఆయన తల పట్టుకున్నాడు. మామ అప్పటికే మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. నా పేరు ఆ ఇంట్లో మామ నోట నేను ఎన్నడూ వినలేదు, వినే ఆచారమూ లేదు. అట్లాంటిది నలుగురు పెద్దమనుషుల ముందర ఆయన నా పని నాదని చెప్పాడు. దానికి మేమందరం కట్టిన ధర మా ఇల్లు. గర్వపడాలా ఏడవాలా? రెండూ చేశాను, పొగ వంక పెట్టి.

ఆయనను అన్‌ఫిట్ చేశారు. క్వార్టర్ ఖాళీ చేసి కాలనీ అవతల తాటాకు గుడిసెలోకి మారాం. చాలా ఏళ్ళకు మా ఆయన పర్మినెంటు అయ్యేదాకా అందులోనే ఉన్నాం, నా పిల్లలిద్దరూ అందులోనే పుట్టారు. మామ ఆ తర్వాత ఏ పనికీ పోలేదు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. నాతో మాత్రం మాట్లాడేవాడు. ఆ ఒక్కసారి తెగిన కట్ట మళ్ళీ ఎవరూ కట్టలేదు, అత్త కూడా కట్టమనలేదు. కూర ఏం వండుతున్నవు బిడ్డా అనో, పిల్లగాడు పాలు తాగిండా అనో, వట్టి మాటలే. వాటి కోసం నేను పనిగట్టుకుని ఆయన ముందు నుంచి తిరిగేదాన్ని.

ఒక వానాకాలం చివర ఆయనే అడిగాడు, గుట్ట దాకా పోదామా అని. చంటిదాన్ని చంకనేసుకుని వెంట వెళ్ళాను. గన్నేరు మనిషెత్తు పెరిగి ఎర్రగా విరగబూసింది. వాటి ముందర నందివర్ధనం, వాటి కాళ్ళ దగ్గర బిళ్ళగన్నేరు. గోడ పొడుగునా, నల్లటి దుమ్ములో, దొరసాని అడిగినట్టే ఉంది వరుస. దొరసాని మాత్రం లేదు, దొరకు బదిలీ అయి వెళ్ళిపోయారు, ఆమె పూలు చూసిందో లేదో తెలియదు. కొత్తగా వచ్చిన మాలి, కుర్రవాడు, మమ్మల్ని ఎవరో దారిన పోయేవాళ్ళనుకుని, చెట్లు ముట్టద్దు అని దూరం నుంచే కేకేశాడు. నాకు ఒళ్ళు మండింది. ఈ చెట్లు ఎవరివో చెబుదామని నోరు తెరవబోయాను. మామ వద్దన్నట్టు తల ఊపాడు. అప్పుడు చూశాను. గుట్ట ఎక్కినప్పటి నుంచీ ఆయన రెండు చేతులూ వీపు వెనక, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. అక్కడ ఉన్నంతసేపూ వాటిని ముందుకు తేలేదు. "మంచిగ పెట్టినవు బిడ్డా" అన్నాడు. అంతే, దిగి వచ్చేశాం.

మామ పోయి ఇప్పటికి చాలా కాలమైంది. ఆ గుట్ట కూడా లేదు, ఓపెన్‌కాస్ట్ తవ్వకంలో కలిసిపోయింది, గెస్ట్‌హౌస్ ఉన్నచోట ఇప్పుడు చూస్తే కళ్ళు తిరిగేటంత గొయ్యి ఉంది. మధ్యాహ్నం పూట అక్కడ పేలిస్తే మా ఇంటి కిటికీలు గలగలమంటాయి. ఆ మట్టి ఎవరు కూరుతున్నారో, అసలు మనిషి చెయ్యి తగులుతుందో లేదో నాకు తెలియదు. మారింది గనులొక్కటే కాదు. నా కోడలు మా ఆయనకు ఎదురుగా కుర్చీలో కూర్చుని, షుగరు పెట్టుకుని చాయలో చక్కెర ఎందుకు మామయ్యా అని నిలదీసి గ్లాసు లాక్కుంటుంది. ఆయన గొణుగుతాడు, అలుగుతాడు, తర్వాత చక్కెర లేని చాయ తాగుతాడు. ఆ గొడవ జరిగినప్పుడల్లా నేను చేతిలో పని ఆపి వింటాను. ఎంత సుఖంగా ఉంటుందో చెప్పలేను.

మా ఈడు ఆడవాళ్ళు కలిసినప్పుడు అంటుంటారు, మనకు ఆనాడు నోరుంటే ఎన్ని బతుకులు బాగుపడేవో అని. వాళ్ళతో పాటు నేనూ అవునవునంటాను. నోరు లేకపోవడం వల్లనే పోయిందని అనుకుంటే మనసుకు ఒక ఊరట, ఇప్పుడు నోరొచ్చింది కాబట్టి ఇక పోదని ధైర్యం. కానీ నా విషయంలో ఆ ఊరట కూడా లేదు. నేను చెప్పాను. ఆయన విన్నాడు, నేను చెప్పకముందే విన్నాడు. అయినా ఆ చేతికి నచ్చజెప్పడం మా ఇద్దరి చేతా కాలేదు.